హెలికాప్టర్ నడపడమంటే గాల్లో ఆటో తోలడమేనా?

మీ ప్రశ్న సారాంశం ఇది. తిరుపతిలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నారు, వాయుసేన ప్రవేశ పరీక్ష రాయాలని ఉంది, హెలికాప్టర్లంటే ఇష్టం. మీ బావ మాత్రం "యుద్ధమంటే ఫైటర్ పైలట్లదేనమ్మా, హెలికాప్టర్ అంటే గాల్లో ఆటో తోలడమే" అని ఆట పట్టిస్తున్నాడు. గాయపడిన సైనికులను మోసుకొచ్చే పైలట్ల పనిలో నిజంగా అంత సాహసం ఉందా, లేక పత్రికల పొగడ్తేనా అని అడిగారు.

నేను చిత్తూరు పక్క పల్లెలో పుట్టినవాడిని. వాయుసేనలో హెలికాప్టర్ల నిర్వహణ విభాగంలో చేరి, ఉద్యోగమంతా వాటి చుట్టూనే తిరిగి, రిటైరయ్యాక తిరుపతిలో స్థిరపడ్డాను. పైలట్‌ను కాను. ఈ ప్రశ్నకు అది మంచిదే అనుకుంటాను. పైలట్లు తమ సంగతి తాము చెప్పుకోరు. నేల మీద నిలబడి వాళ్ల రాకపోకలు చూసినవాళ్లే చెప్పాలి.

మీ బావ మాటను పూర్తిగా కొట్టిపారేయను. ఆటోకు, హెలికాప్టర్‌కు ఒక పోలిక ఉంది: రెండూ పిలిచిన చోటికి వచ్చి ఆగాలి. చిక్కంతా ఆ ఆగడంలోనే ఉంది. ఫైటర్ విమానానికి వేగమే కవచం. కింద ఉన్నవాడు తుపాకీ ఎత్తేలోపు అది కొండ దాటిపోతుంది. హెలికాప్టర్ అలా కాదు. ప్రమాదం ఎక్కడ అన్నిటికంటే ఎక్కువగా ఉందో సరిగ్గా అక్కడికి వచ్చి, వేగం తగ్గించుకుని, కిందికి దిగి, కదలకుండా ఉండాలి. దాని చప్పుడు అది రాకముందే కొండలన్నిటికీ వినిపిస్తుంది. దిగేటప్పుడు లేచే దుమ్ము ఎక్కడ దిగిందో చుట్టుపక్కల అందరికీ చూపిస్తుంది. స్ట్రెచర్ ఎక్కించి తలుపు వేసేదాకా పైలట్ చేయగలిగిందల్లా రెండు చేతులూ కంట్రోళ్ల మీద ఉంచి కూర్చోవడమే. తిరిగి కాల్చడానికి చేయి ఖాళీ ఉండదు, పారిపోవడానికి వీలుండదు. ఆ కూర్చోవడాన్నే నేను ధైర్యం అంటాను.

ఈ పని మొదలైంది కూడా మన గడ్డ మీది నుంచే. యుద్ధంలో హెలికాప్టర్‌తో మనుషులను కాపాడిన మొదటి సంఘటన 1944 ఏప్రిల్‌లో బర్మా అడవుల్లో జరిగింది. ఆ హెలికాప్టర్ అస్సాంలోని సిల్చర్ దగ్గర ఉన్న లాలాఘాట్ స్థావరం నుంచి బయలుదేరింది. అమెరికా లెఫ్టినెంట్ కార్టర్ హార్మన్ దాన్ని నడిపాడు. శత్రువుల ప్రాంతంలో కూలిన చిన్న విమానం పైలట్, అతనితో పాటు గాయాలతో ఉన్న ముగ్గురు బ్రిటిష్ సైనికులు అడవిలో చిక్కుకుపోయారు. హార్మన్ దగ్గరున్న సికోర్‌స్కీ వైఆర్-4 యంత్రం పైలట్ కాక ఒక్కడినే మోయగలదు. బర్మా ఎండకు ఇంజన్ వేడెక్కిపోయేది. ఒక్కొక్కరినే తెచ్చాడు: మొదటి రోజు ఇద్దరిని, ఇంజన్ చల్లారాక మర్నాడు మిగతా ఇద్దరిని. యుద్ధం తర్వాత ఆయన పత్రికల్లో సంగీత విమర్శకుడిగా పనిచేశాడు. ఇలాంటివాళ్లు చూడటానికి ఎలా ఉంటారో ముందే ఊహించుకోవద్దని ఈ మాట చెబుతున్నాను.

ఎండకు ఇంజన్‌తో పనేమిటంటారా? మీరు పైలట్ కావాలనుకుంటున్నారు కనుక ఇక్కడ కొంచెం ఆగుదాం. హెలికాప్టర్ రెక్కలు గాలిని కిందికి నెట్టి పైకి లేస్తాయి. గాలి పలచబడితే నెట్టడానికి సరుకు తగ్గినట్టే, పైగా ఇంజన్ శక్తి కూడా పడిపోతుంది. గాలి పలచబడే దారులు రెండు, వేడి ఒకటి, ఎత్తు రెండోది. మే నెల మిట్టమధ్యాహ్నం రేణిగుంటలో లేచే హెలికాప్టర్, అదే రేణిగుంటలో డిసెంబరు తెల్లవారుజామున మోసినంత బరువు మోయలేదు. ఇక ఎత్తు సంగతి. మనకు కొండ అంటే తిరుమల, ఇంకా పైకంటే హార్స్‌లీ హిల్స్. అది సుమారు 4,000 అడుగులు. సియాచిన్‌లో మన పోస్టులు కొన్ని 20,000 అడుగులు దాటి ఉన్నాయి. 18,000 అడుగుల దగ్గరే గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగానికి వస్తుంది. అక్కడ చీతా హెలికాప్టర్‌లో ఒక మనిషిని ఎక్కించాలంటే ప్రతి కిలో లెక్కే.

చీతా అనేది ఫ్రాన్స్ వాళ్ల లామా నమూనాను మన ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ ఇక్కడ తయారు చేసినది. చిన్నది, పాతది, ఒకే ఇంజన్. కానీ ఎత్తుకు పుట్టిన బిడ్డ. 1972 జూన్‌లో జాన్ బూలే అనే ఫ్రెంచి పైలట్ లామాను 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లాడు. పైన చలికి ఇంజన్ ఆగిపోయింది. కిందికి దిగుతున్నప్పుడు ఎదురొచ్చే గాలికి రెక్కలు వాటంతట అవే తిరుగుతుంటే, ఆ ఊపుతోనే క్షేమంగా నేలకు దిగాడు. దీన్ని ఆటోరొటేషన్ అంటారు, శిక్షణలో మీకూ నేర్పుతారు. దానికి కింద ఎత్తు కావాలి, లేదా ముందుకు వెళ్లే వేగం కావాలి. క్షతగాత్రుడి కోసం నేలకు కొద్ది అడుగుల పైన నిలిచి ఉన్న హెలికాప్టర్‌కు రెండూ ఉండవు. అక్కడ ఇంజన్ ఆగితే ఆ పాఠం అక్కరకు రాదు.

1984 ఏప్రిల్ 13న, సియాచిన్‌ను మన సైన్యం స్వాధీనం చేసుకున్న ఆపరేషన్ మేఘదూత్ మొదలైనప్పుడు బిలాఫాండ్ లా కనుమ దగ్గర మన సైనికులను దించింది ఈ చీతాలే, విడతకు ఒకరిద్దరి చొప్పున. అప్పటి నుంచి సియాచిన్‌లో జబ్బుపడినవాడికీ, గాయపడినవాడికీ, మంచు కొరికి వేళ్లు నల్లబడినవాడికీ కిందికి వచ్చే దారుల్లో అన్నిటికంటే దగ్గరి దారి హెలికాప్టరే.

లద్దాఖ్‌లో పనిచేసిన రోజుల్లో నేను చూసిన పద్ధతి చెబుతాను. సూర్యోదయానికి ముందే యంత్రాన్ని సిద్ధం చేయాలి. పొద్దెక్కేకొద్దీ లోయల్లో గాలి రేగుతుంది, కనుక పని మధ్యాహ్నంలోపే ముగియాలి. ఇంధనం నిండుగా పోయం. వెళ్లి రావడానికి ఎంత, దానిమీద చేతిలో ఉంచుకోవలసింది ఎంత అని పైలట్ లెక్క వేసి చెబితే అంతే పోస్తాం. పైన ఒక మనిషిని ఎక్కించుకోవడానికి కింద ఆ మనిషి బరువంత ఇంధనం వదులుకుని బయలుదేరుతున్నారన్నమాట. అక్కరలేని ప్రతి వస్తువూ దింపేస్తాం. పైకి వెళ్లేటప్పుడు ఖాళీగా పోకూడదు కనుక కిరోసిన్ డబ్బానో, మందుల పెట్టెనో పెడతారు. దాన్ని కూడా తూచే పెట్టాలి.

ఒకరోజు పోస్టు నుంచి ఒక జవానును తెచ్చారు. రెండు చేతులకూ మోచేతుల దాకా దుప్పటి పీలికలు చుట్టి ఉన్నాయి, ముఖానికి ఆక్సిజన్ మాస్కు. మేం వంగి పరుగెత్తి అతన్ని దించుతుంటే పైలట్ ఇంజన్ ఆపలేదు, పట్టీ విప్పలేదు, మా వైపు తిరిగి చూడలేదు. తొడకు కట్టుకున్న చిన్న అట్ట మీద పెన్సిల్‌తో ఏదో కూడిక చేసుకున్నాడు. అది అయ్యాక అద్దంలోంచి నాకు వేళ్లు చూపించాడు. ఎంత ఇంధనం పోయాలో ఆ లెక్క. పైన ఇంకొకడున్నాడు. ఆ గంటలో ఆయన నోటి నుంచి నేను ఒక్క మాట కూడా వినలేదు.

పైన దిగే చోటును హెలిప్యాడ్ అంటాం గానీ ఇక్కడి హెలిప్యాడ్లతో పోల్చుకోవద్దు. కొన్నిచోట్ల హెలికాప్టర్ పూర్తిగా దిగనే దిగదు. కింద ఉండే రెండు లోహపు కాళ్లలో ఒకదాన్ని గట్టుకు ఆనించి, రెండోది గాల్లో ఉండగానే మనిషిని ఎక్కించుకుంటుంది. ఎక్కేవాడు ఒక్కసారిగా బరువు వేస్తే యంత్రం అటు ఒరుగుతుంది. ఆ ఒరుగును పైలట్ చేతి కదలికతో అప్పటికప్పుడు సరిచేయాలి. వాలు నేల అయితే రెక్కల అంచులు ఎగువ వైపు నేలకు బాగా దగ్గరగా తిరుగుతుంటాయి. అందుకే ఎక్కించేవాళ్లు దిగువ వైపు నుంచే, పైలట్ కంటికి కనబడేలా రావాలి. తోక వైపు ఎవరూ పోకూడదు. చుట్టూ తెల్లటి మంచు, పైన తెల్లటి ఆకాశం, నేల ఎక్కడుందో కంటికి తెలియదు. మంచు మీద పరిచిన నల్లటి గుర్తులే ఆధారం. 2003 నవంబరులో కాల్పుల విరమణ వచ్చేదాకా ఇదంతా శత్రువు ఫిరంగుల పరిధిలో జరిగేది.

2016 ఫిబ్రవరిలో సోనమ్ పోస్టు మీద మంచుచరియ పడింది మీకు గుర్తుండవచ్చు. ఆరో రోజున మంచు కింద లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ప్రాణాలతో దొరికారు. సుమారు 19,600 అడుగుల ఎత్తు నుంచి ఆయన్ను కిందికి తెచ్చింది హెలికాప్టరే. ఢిల్లీ ఆసుపత్రిలో ఫిబ్రవరి 11న కన్నుమూశారు. తెచ్చినవాడు బతకకపోవచ్చని తెలిసీ తెస్తారు. ఆ ప్రయాణాలు ఏ లెక్కల్లోనూ విజయంగా కనబడవు.

కార్గిల్‌కు వద్దాం. 1999లో గుంజన్ సక్సేనా, శ్రీవిద్య రాజన్ అనే ఇద్దరు మహిళా పైలట్లు ఆ రంగంలో చీతాలు నడిపారు. ద్రాస్, బటాలిక్ ప్రాంతాలకు సరుకులు చేరవేయడం, క్షతగాత్రులను వెనక్కి తేవడం వాళ్ల పని. చీతాకు ఆయుధాలు ఉండవు. మీరు ఆడపిల్లనని కాస్త జంకుతూ రాసినట్టు అనిపించింది కనుక ఈ ఇద్దరి పేర్లూ చెప్పాను. పాతికేళ్ల కిందటే తేలిపోయిన సంగతి అది, మళ్లీ ఎవరితోనూ వాదించనక్కరలేదు.

అదే యుద్ధంలో మే 28న తోలోలింగ్ కొండ మీద దాడికి వెళ్లిన ఎంఐ-17 హెలికాప్టర్‌ను భుజం మీది నుంచి పేల్చే క్షిపణి కూల్చింది. స్క్వాడ్రన్ లీడర్ రాజీవ్ పుండిర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ఎస్. ముహిలన్, సార్జెంట్లు ఆర్.కె. సాహు, పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్ నలుగురూ మరణించారు. ఇలాంటి క్షిపణి ఇంజన్ వేడిని వెంబడిస్తుంది. దాన్ని దారి మళ్లించే మంటల గుళికలు ఆ హెలికాప్టర్‌కు లేవు. అది దాడి, రక్షణ కార్యం కాదు, ఒప్పుకుంటాను. కానీ నెమ్మదిగా ఎగిరే యంత్రం ఎదుట ఏం పొంచి ఉందో ఆ రోజు తర్వాత అందరికీ తెలుసు. తెలిసిన తర్వాత కూడా ఆయుధం లేని చీతాలు ఆ లోయల్లోకి వెళ్తూనే ఉన్నాయి.

ఫైటర్ పైలట్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ముందురోజు, మే 27న, ఇంజన్ ఆగిపోయి ఫైటర్ పైలట్ నచికేత విమానం నుంచి బయటికి దూకినప్పుడు స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా తన మిగ్-21తో వెనక్కి మళ్లి వెళ్లిపోవచ్చు. తోటివాడు ఎక్కడ పడ్డాడో గుర్తిస్తే కాపాడే హెలికాప్టర్‌కు దారి తెలుస్తుందని అక్కడే ఉండిపోయారు. క్షిపణి తగిలింది. ప్రాణమిచ్చి వీరచక్ర పొందారు. ఆయన చేసిందీ ఆగడమే. ఈ మాట మీ బావకు చెప్పండి.

బయటి దేశాల విషయంలో వియత్నాం యుద్ధం గురించి చెప్పకపోతే ఈ సమాధానం కుంటుతుంది. ఆ యుద్ధం న్యాయాన్యాయాల జోలికి నేను పోను. హెలికాప్టర్‌తో క్షతగాత్రులను తరలించే పద్ధతులన్నీ గట్టిపడింది అక్కడే. మేజర్ చార్ల్స్ కెల్లీ అనే పైలట్ 1964 జులై 1న దిగిన చోట కాల్పులు ఎక్కువై, వెంటనే వెళ్లిపొమ్మని కింది నుంచి రేడియోలో చెప్పారు. "మీ క్షతగాత్రులు నా దగ్గరికి వచ్చాక" అని బదులిచ్చాడు. కొద్ది క్షణాలకే తూటా తగిలి చనిపోయాడు. ఆ మాటే ఆ విభాగం పైలట్లకు నియమమైపోయింది.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం అదే యుద్ధంలోని మరో అమెరికన్ పైలట్ బ్రూస్ క్రాండాల్. 1965 నవంబరు 14న ఇయా డ్రాంగ్ లోయలో ఒక అమెరికన్ పటాలం చుట్టుముట్టబడింది. దిగే చోటంతా కాల్పులు. వైద్య హెలికాప్టర్లు అక్కడ దిగడానికి నిరాకరించాయి. వాళ్ల నిబంధనల ప్రకారం అది తప్పు కూడా కాదు. క్రాండాల్‌ది అసలు ఆ పనే కాదు, సైనికులను దించి రావడంతో అతని బాధ్యత తీరింది. అయినా మందుగుండు నింపుకుని వెళ్లి, దాన్ని దించి, క్షతగాత్రులను ఎక్కించుకుని వచ్చాడు. తోడుగా ఎడ్ ఫ్రీమన్ తన హెలికాప్టర్ తీసుకుని బయలుదేరాడు. క్రాండాల్ ఆ రోజు 22 సార్లు ఆ లోయలోకి వెళ్లాడు. ఇద్దరూ కలిసి 70 మందికి పైగా క్షతగాత్రులను బయటికి తెచ్చారు. మొదటిసారి వెళ్లేవాడికి అక్కడ ఏముందో తెలియకపోవచ్చు, దాన్ని కుర్రతనం అనవచ్చు. రెండోసారి వెళ్లేవాడికి అంతా తెలుసు. నేలమీద దిగి, తన యంత్రానికి పడిన రంధ్రాలు చూసుకుని, ఇంకో హెలికాప్టర్ ఎక్కి మళ్లీ వెళ్లడం వేరే రకం. అమెరికా అత్యున్నత పతకం ఫ్రీమన్‌కు 2001లో, క్రాండాల్‌కు 2007లో వచ్చింది. ఇంత ఆలస్యమెందుకు అని అడిగితే, మీ బావలా ఆలోచించేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉంటారు మరి.

ధైర్యం కంటే నేర్పు చూడాలంటే అక్కడే పనిచేసిన అమెరికన్ పైలట్ పాట్రిక్ బ్రేడీ. 1968 జనవరిలో ఒక లోయ నిండా పొగమంచు. క్షతగాత్రులు కింద ఉన్నారు, నేల కనబడదు. అతను హెలికాప్టర్‌ను పక్కకు తిప్పి, అడ్డంగా, మెల్లగా, కాలిబాట వెంబడి నడిపించాడు. అలా తిప్పితే రెక్కల గాలికి మంచు చెదిరి పక్కకు పోతుంది, ఆ సందులోంచి బాట కనబడుతుంది. ఆ ఒక్క రోజులో మూడు హెలికాప్టర్లు మార్చి 51 మంది క్షతగాత్రులను తెచ్చాడు. ఒకచోట పక్కనే మందుపాతర పేలి తన సిబ్బందిలో ఇద్దరు గాయపడ్డారు, అయినా ఆరుగురిని ఎక్కించుకునే వచ్చాడు. ఇలా తెగింపు, లెక్క ఒకే మనిషిలో ఉండటం అరుదు. మంచి హెలికాప్టర్ పైలట్లలో నేను చూసిందీ అదే. సినిమాలో కనబడే దూకుడు మనిషి ఈ పనికి పనికిరాడు.

ఇక్కడే మాలాంటి సిబ్బంది గురించి ఒక మాట వేసుకుంటాను. పేరు పైలట్‌కు వస్తుంది గానీ ఎంఐ-17 లాంటి పెద్ద హెలికాప్టర్‌లో వెనుక తలుపు దగ్గర పడుకుని, తల బయటపెట్టి, "తోక వెనుక బండ ఉంది, కొంచెం ముందుకు, ఇంకొంచెం, చాలు" అని చెప్పేవాడు ఒకడుంటాడు. పైలట్‌కు వెనుక ఏముందో కనబడదు. అతని మాట మీదే యంత్రం నిలుస్తుంది. మీరు పైలట్ అయ్యాక ఆ గొంతును నమ్మడం నేర్చుకోవాలి.

వెళ్లకపోవడం గురించి కూడా చెప్పాలి. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర కూలిన ఎంఐ-17లో జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మన ఉమ్మడి చిత్తూరు జిల్లావాడు, కురబలకోట మండలం ఎగువరేగడకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ కూడా ఉన్నాడు. వాతావరణం అనుకోకుండా మారి హెలికాప్టర్ మేఘాల్లోకి వెళ్లడం వల్ల జరిగిందని విచారణలో తేల్చారు. అది శాంతి సమయం, ఎవరూ కాల్చలేదు. కొండ, మేఘం కలిస్తే తుపాకీ అక్కరలేదు. కింద క్షతగాత్రుడు ఉన్నాడని తెలిసి, రేడియోలో అతని తోటివాళ్ల గొంతు వింటూ కూడా "ఇప్పుడు రాలేను, మేఘం కదిలాక వస్తాను" అని చెప్పగలిగిన పైలట్లను నేను గౌరవిస్తాను. ఆ మాట చెప్పినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. కానీ ఒకడి కోసం వెళ్లి నలుగురు కొండకు కొట్టుకుంటే ఆ ఒకడు కూడా మిగలడు.

ఇక మీ అసలు సంగతి. ఈ పని చూడాలంటే యుద్ధమే రానక్కరలేదు. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు చెరువులైన ఆ రోజుల్లోనే, అప్పటి అనంతపురం జిల్లాలో చిత్రావతి నడిమధ్యన జేసీబీ మీద చిక్కుకున్న పదిమందిని వాయుసేన ఎంఐ-17 వచ్చి తీసుకెళ్లింది. శాఖ ఎంచుకోవడం మొదటి రోజే మీ చేతిలో ఉండదు. వాయుసేన ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్ రాసి, ఎంపిక మండలి పరీక్షలు దాటి, దుండిగల్‌లో తొలి దశ శిక్షణ పూర్తయ్యాక మీ పనితీరును, మీ కోరికను, వాళ్ల అవసరాన్ని చూసి ఫైటర్, రవాణా, హెలికాప్టర్ అని విడదీస్తారు. హెలికాప్టర్ శిక్షణ హకీంపేటలో ఉంటుంది, అంటే రెండూ హైదరాబాదు పక్కనే.

ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలి, చూసుకోండి. కోర్సు మొదలయ్యేనాటికి వయసు 20 నుంచి 24 మధ్య ఉండాలి. ఎత్తుకు కూడా కనీస పరిమితి ఉంటుంది. కాలి పొడవు కూడా కొలుస్తారు. కంటి పరీక్ష ఇప్పుడే మంచి డాక్టరు దగ్గర చేయించుకోండి, ఏళ్లు చదివాక అక్కడ తిరగ్గొడితే బాధ ఎక్కువ. పైలట్ నైపుణ్యాన్ని కంప్యూటర్ మీద పరీక్షించే ఘట్టం ఒకటి ఉంటుంది.  అందులో తప్పితే ఫ్లయింగ్ శాఖ దారి మూసుకుపోవచ్చు. ఆ రోజు నిద్ర చాలకుండా వెళ్లవద్దు. చిత్తూరు నుంచి గానీ తిరుపతి నుంచి గానీ రాత్రి రైలెక్కి పొద్దున్నే నేరుగా పరీక్షకు పోయే అలవాటు మనవాళ్లకు ఉంది. ఒకరోజు ముందే చేరుకోండి.